వెన్ను విరిగినవారి వైద్యుడు: సర్ లుడ్విగ్ గుట్మన్

పరదేశమున జన్మించి, పరభాషలో విద్య గడించిన యొక వైద్యుని చరిత్రమునకు మన మహాసభా సంచికలో చోటేల యని చదువరులలో కొందరికి తోచవచ్చును. అయితే మన గ్రామములలో తాటిచెట్టు మీదినుండి జారిపడి నడుము విరిగినవానిని, ఇంటికప్పు వేయుచు కూలినవానిని, బావి త్రవ్వుచు మట్టిపెళ్లల క్రింద చిక్కినవానిని చూడని వారుందురా? కాళ్లు చచ్చుబడి, మలమూత్రములు వశము తప్పి, నులకమంచము మీద వెల్లకిల పడియున్న ఆ మనుష్యుని చుట్టును బంధువులు కూర్చుండి, దైవము మీద భారము వైచి దినములు లెక్కించుట మనము కన్నదే. అట్టివాడు సాధారణముగా వెన్ను విరిగిన దెబ్బచేతనే చావడు. దాని వెనుక వచ్చు ఇతరకారణములచేత చచ్చును. ఆ కారణములలో పెక్కింటిని మనుష్యప్రయత్నముచేత తొలగింపవచ్చును. ఈ సంగతిని లోకమునకు రూఢిగా చూపిన మహనీయుడు సర్ లుడ్విగ్ గుట్మన్. ఆయన కత్తిపట్టుటలో ఆరితేరిన నరముల శస్త్రవైద్యుడు. అయినను వెన్ను విరిగినవారి విషయమున కత్తిని ప్రక్కన బెట్టి, దిండును గడియారమును చేతబట్టెను. ఆయన చరిత్రములోని చిత్రమంతయు ఇందే యున్నది.

లుడ్విగ్ 1899వ సంవత్సరము జూలై 3వ తేదీన, అప్పటి జర్మను సామ్రాజ్యములోని ఎగువ సైలీషియా ప్రాంతమున టోస్ట్ అను చిన్న పట్టణమున యూదుల యింట జన్మించెను. ఆ యూరు ఇప్పుడు పోలండు దేశములో చేరి టోషెక్ అను పేర బరగుచున్నది. బిడ్డ పసివాడుగా నుండగనే కుటుంబము కోనిగ్‌షుట్టె అను బొగ్గుగనుల పట్టణమునకు తరలిపోయెను. గనులున్న చోట ప్రమాదములకు కొదువ యుండదు. ఆ పట్టణమున గనికూలీల కొరకు ప్రత్యేకముగా ఒక ఆసుపత్రి యుండెను. మొదటి ప్రపంచయుద్ధము సాగుచుండిన 1917లో లుడ్విగ్ ఆ ఆసుపత్రిలో స్వచ్ఛందముగా పరిచారకుడై చేరెను.

అచ్చట నొకనాడు ఒక గనికూలిని మోసికొని వచ్చిరి. యువకుడు, దేహపుష్టి గలవాడు. వెన్నుపూస విరిగి నడుము క్రింద స్పర్శయు కదలికయు పోయినవి. అతనిని వార్డులో ఒక మూల పరుండబెట్టి, ఇతరులకు కనబడకుండ చుట్టును తెరలు నిలిపిరి. పరిచారకుడు తన విధి ననుసరించి రోగి వృత్తాంతమును వ్రాసికొనబోగా, అంత శ్రమ పడనక్కరలేదనియు, ఈ మనిషి కొన్ని వారములలో పోవుననియు పెద్దవైద్యుడు చెప్పెను. పుండ్లు పడెను, మూత్రమున చీము వచ్చెను, జ్వరము హెచ్చెను. అయిదు వారములకు ఆ బలశాలి మరణించెను. పదునెనిమిదేండ్ల ప్రాయమున చూచిన యా తెరలను గుట్మన్ తన జీవితాంతము వరకు మరువలేదు. ముసలితనమున గూడ ఆ కథను చెప్పుచుండెను.

ఈ మరణమునకు కారణ మేమో చదువరులకు కొంచెము వివరింపవలయును. వెన్నెముక లోపలి గొట్టములో వెన్నుపాము అనబడు నరములత్రాడు మెదడునుండి దిగివచ్చును. శరీరమునకు ఆజ్ఞలు పోవుటయు, శరీరమునుండి వార్తలు వచ్చుటయు దాని గుండనే. వెన్నుపూస విరిగి ఆ త్రాడు నలిగినచో, గాయమునకు దిగువ భాగమునకు మెదడుతో సంబంధము తెగిపోవును. ఆరోగ్యవంతుడు నిద్రలో గూడ తెలియకయే ప్రక్కకు ఒత్తిగిలును. ఒకచోట ఒత్తిడి హెచ్చినప్పుడు కలుగు బాధయే అతనిని కదలించును. స్పర్శ పోయినవానికి ఆ బాధ తెలియదు. కదలక పడియున్న కొన్ని గంటలలోనే పిరుదుల చెంతను, తుంటి చెంతను, మడమల చెంతను ఎముకకును పడకకును నడుమ చర్మము నలిగి, రక్తప్రసారము నిలిచి, చచ్చి కుళ్లును. అదియే పడకపుండు. అది ఎముక వరకు పోగలదు. ఇక మూత్రాశయము నిండినను తెలియదు, ఖాళీ చేయుటకు శక్తియుండదు. నిలువయున్న మూత్రము చెడి, ఆ చెరుపు పైకి మూత్రపిండముల వరకు ప్రాకును. ఈ రెండు ద్వారములనుండియు విషము రక్తములో ప్రవేశించి మనిషిని చంపును. మొదటి ప్రపంచయుద్ధమున ఇట్లు గాయపడిన సైనికులలో నూటికి 80 మంది వరకు మరణించిరని వైద్యులు లెక్కకట్టిరి. బ్రతికి బయటపడినవారు కొందరు. వారి బ్రతుకును ఎవరును బ్రతుకుగా నెంచలేదు.

గుట్మన్ 1918లో వైద్యవిద్య ప్రారంభించి, 1924లో ఫ్రైబర్గు విశ్వవిద్యాలయమున పట్టము పొందెను. పిమ్మట బ్రెస్లా నగరమున ఆట్‌ఫ్రిడ్ ఫోర్‌స్టర్ అను మహాపండితుని కడ శిష్యుడుగా చేరుట ఆయన భాగ్యము. రష్యా నాయకుడైన లెనిన్ జబ్బుపడినప్పుడు చికిత్సకు పిలువబడిన వైద్యుడీ ఫోర్‌స్టరే. ఆయన మొదట నరముల వ్యాధుల వైద్యుడు, తరువాత తనంతట తానే శస్త్రవిద్య నలవరచుకొనెను. వెన్నులోని ఏ నరము చర్మమున ఏ భాగమునకు స్పర్శ నిచ్చునో రోగులయందు పరీక్షించి పటములు గీచెను. చచ్చుబడిన అవయవములకు వ్యాయామముచేత ఎంతవరకు శక్తి కల్పింపవచ్చునో గూడ శోధించెను. శస్త్రమును వ్యాయామమును ఒకే వైద్యుని చేతిలో చూచిన విద్యార్థికి ఆ రెంటిలో నొకటి తక్కువదను భావము కలుగదు. 1928లో గుట్మన్ హాంబర్గులోని మానసిక వైద్యశాలలో నరముల శస్త్రచికిత్సాశాఖను నెలకొల్పుటకు వెళ్లెను. మరుసటి సంవత్సరమే గురువు పిలువగా బ్రెస్లాకు మరలివచ్చి ఆయనకు ప్రథమసహాయకుడయ్యెను. ముప్పది నాలుగేండ్లు నిండకముందే జర్మనీలో పేరుగన్న నరముల వైద్యులలో నొకడని అనిపించుకొనెను.

1933లో హిట్లరు అధికారమునకు వచ్చెను. యూదులు ప్రభుత్వోద్యోగములలో నుండరాదని శాసనము పుట్టెను. ఒక్క కలముపోటుతో గుట్మన్ విశ్వవిద్యాలయమునుండి వెడలగొట్టబడెను. అప్పుడాయనకు ఆశ్రయమిచ్చినది బ్రెస్లాలో యూదుల సంఘము నడుపుచుండిన ఆసుపత్రి. అచ్చట నరముల వైద్యశాఖకు అధికారియై, 1937లో ఆసుపత్రి కంతటికిని ప్రధానవైద్యుడుగా ఎన్నుకోబడెను. విదేశములనుండి పిలుపులు వచ్చినను, ఈ ఉన్మాదము అణగునను నమ్మికతో కొంతకాలము దేశము విడువలేదు. సంఘములవారు తమవారి కొరకు కట్టించు వసతిగృహములకును ఆసుపత్రులకును అవసర మేమి, ప్రభుత్వమువారి సంస్థలు లేవా యని యడుగువారు మన సభలలోను కలరు. రాజ్యము తలుపు మూసిన దినమున తెరచియుండిన తలుపు ఏదో ఈ వృత్తాంతమునుబట్టి వారు గ్రహింపవచ్చును.

1938 నవంబరు 9వ తేదీ రాత్రి జర్మనీ యంతట యూదుల దేవాలయములు తగులబెట్టబడెను, దుకాణములు పగులగొట్టబడెను, పురుషులు పట్టుబడి నిర్బంధశిబిరములకు తరలింపబడిరి. బ్రెస్లాలోని గొప్ప దేవాలయము కూడ కాలిపోయెను. ఆ రాత్రి గుట్మన్ ఆసుపత్రి ఉద్యోగుల కొక ఆజ్ఞ యిచ్చెను: వచ్చినవా డెవ్వడైనను సరే, జబ్బేమని యడుగక చేర్చుకొనవలయును. తెల్లవారునప్పటికి 64 మంది చేరియుండిరి. ఉదయమున గెస్టపో రహస్యపోలీసులు వచ్చి, ఒక్క రాత్రిలో ఇంతమంది రోగులెట్లు పుట్టిరని నిలదీసిరి. గుట్మన్ వారిని వెంటబెట్టుకొని మంచము మంచము కడకు నడచుచు, ప్రతివానికిని అప్పటికప్పుడు ఒక రోగమును కల్పించి చెప్పెను. పోలీసులకు వెనుకగా నిలిచి, ఏ రోగము నటింపవలయునో ముఖచేష్టలచేత మంచములోనివానికి సూచించెననియు చెప్పుదురు. ఆ 64 మందిలో 60 మంది పట్టుబడకుండ తప్పించుకొనిరి. తక్కిన నలుగురిని ఆయన కాపాడలేకపోయెను.

ఇక అచ్చట నిలుచుట అసాధ్యమని తేలిపోయెను. ఇంతలో విచిత్రమైన సందర్భ మొకటి తటస్థించెను. పోర్చుగల్ అధినేత సాలజార్ మిత్రుడొకడు జబ్బుపడగా, అతనిని చూచుటకు గుట్మన్‌ను పంపవలయునని జర్మను విదేశాంగమంత్రి రిబ్బెన్‌ట్రాప్ ఉత్తరువు చేసెను. ఏ ప్రభుత్వము ఆయన నుద్యోగమునకు తగడని వెడలగొట్టెనో ఆ ప్రభుత్వమే తన మిత్రునికి చికిత్స కావలసివచ్చినప్పుడు ఆయననే వెదకినది! లిస్బన్ నుండి తిరుగుప్రయాణమున ఆయన లండనులో దిగి, నిర్వాసితులైన పండితులకు సాయపడు సంఘమువారితో మాటలాడి ఏర్పాట్లు చేసికొనెను. 1939 మార్చిలో భార్య ఎల్సెతోను, కుమారునితోను, కుమార్తెతోను ఇంగ్లండు చేరి ఆక్స్‌ఫర్డు నగరమున స్థిరపడెను. ఆ సంఘమువారు కుటుంబపోషణకు 250 పౌనులు సాయము చేసిరి.

ఆక్స్‌ఫర్డులో ఆయనకు దొరికినది పరిశోధనాపదవి. తెగిన నరములు మరల ఎట్లు మొలకెత్తునో పరీక్షించుచు, తరువాత నోబెల్ బహుమానము పొందిన మెడావర్ మొదలగువారితో కలిసి పనిచేసెను. చర్మముపై ఒక పొడి చల్లి, చెమట పోసినచోట అది రంగుమారుటనుబట్టి ఏ నరము చెడినదో కనిపెట్టు పరీక్షను ప్రచారమునకు తెచ్చెను. ఇదంతయు విలువగల పనియే. కాని ఒకప్పుడు పెద్ద ఆసుపత్రిని నడిపిన వైద్యునికి రోగుల బాధ్యత లేని బ్రతుకు సంకెలవలె నుండెను.

1943లో ఆంగ్లప్రభుత్వమువారు ఐరోపాఖండముపై దండెత్తుటకు సన్నాహములు చేయుచుండిరి. ఆ దండయాత్రలో వెన్నుగాయములతో సైనికులు వందలకొలది వత్తురని వారెరుగుదురు. అప్పుడు నరముల వైద్యుడు జార్జి రిడక్ సూచనమీద, బకింగ్‌హామ్‌షైర్‌లో ఆయిల్స్‌బరీ పట్టణము చెంతనున్న స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో వెన్నుగాయముల వారికి ప్రత్యేకశాఖ పెట్టి దానిని గుట్మన్‌కు అప్పగించిరి. ఆశలేని రోగుల నడుమ నిండుజీవితమును పాతిపెట్టుకొనుట యెందుకని తోటివైద్యులు వారించిరి. ఆయన ఒక్క నిబంధన మీద నొప్పుకొనెను: చికిత్స తన పద్ధతి ప్రకారము సాగవలయును, పైవారెవ్వరును జోక్యము చేసికొనరాదు. 1944 ఫిబ్రవరి 1వ తేదీన ఆ శాఖ తెరువబడెను. యుద్ధకాలమున వేసిన గుడిసెవంటి కట్టడములో కొన్ని మంచములు, అనుభవము లేని కొందరు పరిచారకులు, కొద్దిమంది నర్సులు: ఇదియే ఆయన సైన్యము.

వచ్చిన రోగుల స్థితి చూడదగినది కాదు. ప్లాస్టరుతో పోతపోసిన తొట్లలో బిగించి పంపబడిన సైనికులను బయటికి తీసినప్పుడు వీపంతయు పుండై యుండెను. విరిగిన వెన్ను కదలరాదని ప్లాస్టరు వేసినవారి యుద్దేశము మంచిదే. కాని స్పర్శ లేని చర్మమునకు గట్టి ప్లాస్టరు విషముతో సమానము. గుట్మన్ ప్లాస్టరు తొట్లను నిషేధించెను. విరిగిన పూసను సరియైన వంపులో నిలుపుటకు దిండ్లను, రబ్బరు మెత్తలను తగినచోట అమర్చి పరుండబెట్టెను. పూసల వెనుకభాగమును కోసి తెరచుటయు, లోహపుపట్టీలు బిగించుటయు ఆనాడు పెక్కుచోట్ల జరుగుచుండెను. నలిగిపోయిన త్రాడు కోతచేత బాగుపడదనియు, తొందరపడి చేసిన కోత వెన్నును మరింత బలహీనము చేయుననియు ఆయన వాదించెను. ఈ మాట శస్త్రవిద్య తెలియనివాడు చెప్పినచో త్రోసివేయుదురు. ఫోర్‌స్టరు శిష్యుడు చెప్పుటచేత వినక తప్పినది కాదు.

తరువాతి ఆజ్ఞ అతి సామాన్యము, ఆచరించుటకు అతి కఠినము. ప్రతిరోగిని పగలును రాత్రియును రెండేసి గంటల కొకసారి ప్రక్క మార్చి పరుండబెట్టవలయును. ఒకసారి కుడిప్రక్క, ఒకసారి వెల్లకిల, ఒకసారి ఎడమప్రక్క. మార్చినప్పుడెల్ల చర్మమును పరీక్షింపవలయును. ఎఱ్ఱదనము కనబడినచో ఆ చోటు మరల పడకకు తగులరాదు. పదిమంది రోగులున్నచో ఒక్క రాత్రిలో ఎన్నిసార్లు మనుష్యులను ఎత్తి దింపవలయునో చదువరులే లెక్కించుకొనవచ్చును. యుద్ధకాలమున మనుష్యులే దొరకరు. ఇంత చాకిరి వ్యర్థమని నర్సులు గొణిగిరి. గుట్మన్ అర్ధరాత్రమున చెప్పకుండ వార్డుకు వచ్చి, గడియారము చూచి, ఏ రోగి ఎప్పుడు ఏ ప్రక్కకు మార్చబడెనో విచారించుచుండెను. తప్పు కనబడినచో ఆయన కోపమును భరించుట కష్టము. కొన్ని మాసములలో పుండ్లు మానసాగెను. అప్పటినుండి గొణుగుడు తగ్గెను. అద్భుతమైన ఔషధ మేదియు ఇందులో లేదు. పెనిసిలిన్ ఆ రోజులలోనే వచ్చి సాయపడిన మాట నిజమే కాని, ఒత్తిడి తొలగింపక పెనిసిలిన్ పోసినందున పుండు మానదు.

మూత్రాశయము విషయమున గూడ ఇట్లే. పొత్తికడుపున రంధ్రము చేసి గొట్టము శాశ్వతముగా నిలిపియుంచుట ఆనాటి సైనికవైద్యుల పద్ధతి. గుట్మన్ దానిని విడిచి, శుద్ధిచేసిన సన్నని గొట్టమును నియతవేళలలో చొప్పించి, మూత్రమును తీసి, వెంటనే గొట్టమును తీసివేయు పద్ధతిని అవలంబించెను. గొట్టము యొక్క లోపలికి పోవు భాగమును చేతితో తాకనైన తాకరాదు. మొదటి దినములలో ఈ పని వైద్యులే స్వయముగా చేయవలయును. 1966లో సహాయకుడు ఫ్రాంకెల్‌తో కలిసి ఆయన ప్రకటించిన ఫలితములను చూచి ఇతరదేశములవారును ఈ పద్ధతిని స్వీకరించిరి. 1972లో అమెరికాలో లాపిడెస్ అను వైద్యుడు ఇంకొక మెట్టు ముందుకు పోయి, శుభ్రముగా కడిగిన చేతులతో రోగి తనకు తానే ఈ పని చేసికొనవచ్చునని చూపెను. నేడు లోకమున లక్షలమంది బ్రతుకునకు ఇదియే ఆధారము.

పనిలో పనిగా శాస్త్రమునకును ఆయన సేవ చేసెను. వెన్ను పైభాగమున గాయపడినవారికి మూత్రాశయము నిండినప్పుడు రక్తపుపోటు హఠాత్తుగా హెచ్చి, తల పగులునంతటి నొప్పి కలిగి, ముఖమున చెమటలు పట్టుటను వైద్యులు గమనించుచుండిరి. 1947లో గుట్మన్, ఆక్స్‌ఫర్డు పండితుడు విటరిజ్ కలిసి దీని మర్మమును వివరించిరి. ప్రాణాపాయకరమైన ఈ స్థితి కనబడినప్పుడు మూత్రమార్గము అడ్డుపడెనేమో మొదట చూడవలయునని నేడు వెన్నుగాయముల రోగులకును వారి బంధువులకును నేర్పుచున్నారు.

ప్రాణము నిలిచిన పిమ్మట పెద్దప్రశ్న మిగిలియుండెను. బ్రతికినవాడు ఏమి చేయవలయును? ఇరువదియైదేండ్ల యువకుడు, కాళ్లు లేవు, ఉద్యోగము లేదు, వివాహము జరుగునను ఆశ లేదు. మత్తుమందు త్రాగించి, జాలిమాటలు చెప్పి, కిటికీవద్ద కూర్చుండబెట్టుట అంతవరకు వాడుక. గుట్మన్ మత్తుమందులను తగ్గించెను, జాలిని మానిపించెను. ఉదయము నుండి సాయంకాలము వరకు ప్రతివానికి పని యుండవలయునని శాసించెను. వడ్రంగము, గడియారములు బాగుచేయుట, టైపు కొట్టుట మొదలగునవి ఆసుపత్రిలోనే నేర్పించెను. సంఘమున జీతము తెచ్చుకొని పన్ను కట్టువారినిగా తన రోగులను చేయుటయే తన పట్టుదల యని ఆయన తరచు చెప్పుచుండెను. ధర్మకర్తలగు మన పెద్దలు ఈ మాటను గమనింతురు గాక. అన్నము పెట్టు దాతలు మనలో పెక్కుమంది కలరు. అన్నము సంపాదించుకొను దారి చూపువారు అరుదు.

ఆటలు వచ్చుట దాదాపు యాదృచ్ఛికము. ఒకనాడు కొందరు రోగులు చక్రముల కుర్చీలలో కూర్చుండి, చేతికఱ్ఱలను తలక్రిందుగా పట్టి, నేలమీద ఒక బిళ్లను కొట్టుచు ఆడుచుండగా గుట్మన్ చూచెను. తానును కుర్చీలో కూర్చుండి వారితో ఆడి చూచెను. ఇంత ఉత్సాహము ఏ మందు తేగలదు? ఆ ఆట మిక్కిలి దుడుకుగా నుండుటచేత కొలదికాలమునకు విడిచి, బంతిని ఎత్తుననున్న వలయములో వేయు ఆటలను ప్రవేశపెట్టెను. అన్నిటికంటె విలువిద్య ఆయనకు ప్రీతికరము. బాణము వేయునప్పుడు భుజములు, వీపు బలపడును, ఒడలు నిలుకడగా కూర్చుండుట అలవడును; అంతియే కాక కుర్చీలోనివాడు కాళ్లున్నవానితో సరిసమానముగా పోటీపడగల క్రీడ యది. ఆటను ఆయన వేడుకగా చూడలేదు. చికిత్సలో భాగముగా, మందువలె, తప్పక పుచ్చుకొనవలసినదిగా చూచెను. ఆటలయం దిష్టము లేని రోగులను గూడ మైదానమునకు తరుముచుండెననియు, ఆయన యొక నియంత యనియు కొందరు చెప్పుదురు. అది నిందగా కొట్టివేయదగినది కాదు. ఆయన మాటకు ఎదురాడుట ఎవరితరమును కాకుండెను. అయినను ఆ రోగులే ఆయనను ముద్దుగా తండ్రియని పిలుచుచుండిరి.

1948 జూలై 29వ తేదీన లండనులో ఒలింపిక్ క్రీడలు ప్రారంభమయ్యెను. సరిగా ఆ దినముననే స్టోక్ మాండవిల్ ఆసుపత్రి పచ్చికబయలులో 16 మంది, అనగా 14 మంది పురుషులును ఇద్దరు స్త్రీలును, చక్రముల కుర్చీలలో కూర్చుండి విలువిద్యలో పోటీపడిరి. ఒక పక్షము స్టోక్ మాండవిల్‌ది, రెండవది రిచ్‌మండులోని సైనికాశ్రమముది. చూచుటకు వచ్చినవారికి ఇదొక ఆసుపత్రి వేడుకగా తోచియుండును. గుట్మన్ మాత్రము ఆ తేదీని ఊరక ఎన్నుకొనలేదు. ఒకనాటికి ఈ క్రీడలు ఒలింపిక్కులకు సాటియగునని మరుసటి సంవత్సరమే ప్రకటించెను. 1952లో హాలండు దేశపు సైనికులు వచ్చుటచేత అవి అంతర్జాతీయములయ్యెను. 1960లో రోములో ఒలింపిక్కులు ముగిసిన పిమ్మట ఆ నగరముననే 23 దేశములనుండి 400 మంది పాల్గొనిరి. నేడు పారాలింపిక్ క్రీడలలో మొదటివిగా లెక్కింపబడునవి అవియే.

బిరుదులను గూర్చి ఎక్కువ వ్రాయనక్కరలేదు. 1945లో బ్రిటిషు పౌరుడయ్యెను. 1966లో రాణి ఆయనకు సర్ బిరుదమిచ్చెను. 1976లో రాయల్ సొసైటీ సభ్యత్వము లభించెను. 1961లో వెన్నుగాయముల వైద్యుల అంతర్జాతీయసంఘమును స్థాపించి, వారి పత్రికకు తొలి సంపాదకుడుగా నుండెను. స్పెయిన్ దేశమున బార్సిలోనాలో 1965లో వెలసిన ఆసుపత్రికి ఆయన పేరే పెట్టిరి. తన అనుభవమునంతయు 1973లో ఒక పెద్ద గ్రంథముగా ప్రకటించెను. వీనిలో ఏ గౌరవము కంటెను 1972వ సంవత్సరపు సంఘటనము తలపదగినది. ఆ యేట ఈ క్రీడలు జర్మనీలోని హైడెల్బర్గు నగరమున జరిగెను. ముప్పది మూడేండ్లకు పూర్వము ప్రాణములు దక్కించుకొని వెడలిపోయిన దేశమున, ఆ దేశాధ్యక్షుని సమక్షమున, గుట్మన్ క్రీడాసంఘాధ్యక్షుడై నిలిచెను.

ఆ హైడెల్బర్గు క్రీడలలోనే మన భారతీయు డొకడు విజయమందెను. మహారాష్ట్రుడగు మురళీకాంత్ పేట్కర్ మన సైన్యమున జవానుగా నుండి, 1965 యుద్ధమున గుండ్లు తగిలి నడుము క్రింద చచ్చుబడినవాడు. ఆయన 50 మీటర్ల ఈతను 37.33 సెకనులలో ముగించి స్వర్ణపతకము గెలిచెను. భారతదేశమునకు పారాలింపిక్కులలో అది మొట్టమొదటి స్వర్ణము. ప్రభుత్వమువారు ఆయనకు పద్మశ్రీ బిరుద మిచ్చుటకు 2018 వరకు పట్టినది.

గుట్మన్ మతములన్నియు నేటికిని నిలిచియుండలేదు. వెన్నును తొందరపడి కోయరాదన్న ఆయన పట్టుదలను ఇప్పటి శస్త్రవైద్యులు యథాతథముగా అంగీకరింపరు. వెన్నుపాము ఎచ్చట ఎంత నలిగినదో చూపు యంత్రములు వచ్చినవి. పూసలను గట్టిగా నిలుపు మరలు వచ్చినవి. కొందరు రోగులకు గాయమైన మొదటి దినముననే ఒత్తిడి తొలగించినచో మేలు కలుగునని పరిశోధనలు తెలుపుచున్నవి. అందుచేత నేడు పెక్కుమందికి కోత జరుగును, రోగి మూడు మాసములు పరుండక త్వరగా లేచి కూర్చుండును. కాని కోత ముగిసిన పిమ్మట వార్డుకు వచ్చిన రోగిని వేళ తప్పక ప్రక్క మార్చకుండుటకును, మూత్రాశయమును నిండనిచ్చి ఊరకుండుటకును ఏ యంత్రమును సెలవు ఇయ్యలేదు. మన పల్లెలలో, ఖరీదైన కోతకు అప్పుచేసి తీసికొనిపోయిన రోగి తిరిగివచ్చి పడకపుండుతో మరణించుట ఇంకను వినబడుచునే యున్నది. ప్రక్క మార్చుటకు కావలసినది ఇద్దరు మనుష్యులు, నాలుగు దిండ్లు, ఒక గడియారము.

సర్ లుడ్విగ్ 1979 అక్టోబరులో గుండెపోటుకు లోనై, 1980 మార్చి 18వ తేదీన తన 80వ యేట దివంగతుడయ్యెను. ఆయన స్థాపించిన వెన్నుగాయముల కేంద్రము స్టోక్ మాండవిల్‌లో నేటికిని నడచుచున్నది. 2024లో పారిస్ పారాలింపిక్కుల జ్యోతిని ఆ యూరనే వెలిగించి తీసికొనిపోయిరి. వెన్నుగాయముల వారి కొరకు పుట్టిన ఆ క్రీడలలో ఇప్పుడు ఇతరవిధములైన లోపములు గలవారికిని ప్రవేశము కలదు. ఆ పారిస్ క్రీడలలో, మనోవికాసమున వెనుకబడినవారి తరగతి 400 మీటర్ల పరుగున, వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామమునకు చెందిన జీవంజి దీప్తి కాంస్యపతకము గెలిచి స్వదేశమునకు వచ్చెను.